మాదాపూర్‌లో ఫుల్ మీల్స్ ఎక్కడికి పోయాయి?

హైదరాబాద్ మాదాపూర్‌లో, అయ్యప్ప సొసైటీ గల్లీల్లోనో, విఠల్‌రావు నగర్‌లోనో, పత్రికా నగర్‌లోనో ఒక భోజనం మెస్ మూతపడి, ఆ షట్టర్ మీద కాఫీ కప్పు బొమ్మతో కొత్త బోర్డు లేస్తుంది. చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు: "ఇప్పటి పిల్లలకు పప్పన్నం ఎక్కడ సయిస్తుందండీ, అన్నీ బర్గర్లే కదా." ఈ మాట నేను ఒప్పుకోను. ఆ పిల్లలే వంద గజాల అవతల రోడ్డు పక్క బండి దగ్గర ఎండలో నిలబడి, ప్లేటు ఎడమ చేత్తో పట్టుకుని, గోంగూర మటన్ కలుపుకుని తింటున్నారు. అన్నం, కూరల మీద మోజు తగ్గి ఉంటే ఆ బండి ముందు ట్రాఫిక్ ఆగదు.

ఒక వీధిలో ఏం వండాలి, ఎంత వడ్డించాలి, జనం కూర్చుని తినాలా నిలబడి తినాలా అన్నది ఆ వీధిలో చదరపు అడుగు కిరాయి తేలుస్తుంది. రుచి, ఫ్యాషన్, ఇన్‌స్టాగ్రామ్ వగైరా దాని తర్వాతి మాటలు. (కిరాయి అన్నది ఇక్కడి మాట. భీమవరం నుంచో నెల్లూరు నుంచో వచ్చి మెస్ పెట్టినాయన అద్దె అంటాడు. ఒకటో తారీఖు మాత్రం ఇద్దరికీ ఒకేలా వస్తుంది.)

మాదాపూర్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఇది ఊరు అంచు. ఆ తర్వాత చుట్టూ నూట యాభై, రెండు వందల గజాల ప్లాట్లలో బిల్డింగులు లేచాయి. నమూనా దాదాపు అన్నిటికీ ఒకటే: కింద రెండు మూడు షట్టర్లు, పైన నాలుగంతస్తుల హాస్టల్. పైన పడుకున్నవాళ్లకు కింద వండిపెట్టేవాడు కావాలి కాబట్టి మెస్‌లు వచ్చాయి. 2019 మార్చి 20న మెట్రో హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరు 29న రాయదుర్గం దాకా వచ్చింది. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. దాంతో జూబ్లీహిల్స్ నుంచి సాయంత్రం పూట కారులో వచ్చి తినేవాళ్లకూ ఇది అందుబాటులోకి వచ్చింది. కింద షట్టర్ తీసుకునేవాడు పైన హాస్టల్ పిల్లల జేబును నమ్ముకునే రోజులు అక్కడితో తగ్గాయి.

ఇక లెక్క. కింద నేను తీసుకున్నవి గుండ్రటి అంకెలు. మీ గల్లీ రేటు పెట్టుకుని మళ్లీ వేసుకోండి, పద్ధతి మారదు.

వెయ్యి చదరపు అడుగుల షట్టర్. అడుగుకు రూ.120 చొప్పున నెలకు 1,20,000. దీనిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 21,600. మొత్తం 1,41,600. హోటల్ లైన్‌లో పాతకాలం నుంచి ఒక కొలత ఉంది: కిరాయి అమ్మకంలో 10 శాతం లోపు ఉంటే నిద్ర పడుతుంది, 15 దాకా లాక్కురావచ్చు, 20 దగ్గర పడితే తాళం చెవి ఎవరికివ్వాలో చూసుకోవాలి. 15 శాతం పట్టుకున్నా నెలకు 9,44,000 అమ్మాలి. రోజుకు 31,467.

వెయ్యి అడుగుల్లో వంటిల్లు, గిన్నెలు కడిగే చోటు, బియ్యం బస్తాలు, చేతులు కడిగే సింకు కలిపి 350 అడుగులు పోతాయి. మిగిలిన దాంట్లో నడవ, గల్లా తీసేస్తే కుర్చీకి పదిహేను అడుగుల లెక్కన నలభై కుర్చీలు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా భోజనం. ఫుల్ మీల్స్ తినడానికి మనిషికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, టేబుల్ తుడిచి మళ్లీ ఆకు వేయడానికి అయిదు. కాగితం మీద అయిదు వరసలు కూర్చోవాలి. అయితే నలుగురు కూర్చునే టేబుల్ మీద ఇద్దరు కూర్చుంటారు, ఒంటిగంట నుంచి రెండు దాకా జనం గుమ్మంలో నిలబడతారు, రెండున్నరకు సగం కుర్చీలు ఖాళీ. నిజంగా తిరిగేది మూడు వరసలు. మధ్యాహ్నం 120 భోజనాలు, రాత్రి రెండు వరసలకు 80. రోజుకు 200 భోజనాలు, ఒక్కోటి రూ.120 అయితే 24,000. మనకు కావలసిందేమో 31,467.

ఇప్పుడు లోపలి ఖర్చు చూడండి. నెలకు 7,20,000 అమ్మకంలో సరుకులకు 45 శాతం, మనుషులకు 20, గ్యాస్, కరెంటు, నీళ్లు కలిపి 9, ఆకులు, సబ్బు, రిపేర్లు, పగిలిన గ్లాసులు 4. మొత్తం 78 శాతం పోయాక 1,58,400 మిగులుతాయి. అందులోంచి కిరాయి కట్టాలి. అడుగు రూ.80 ఉండి, జీఎస్టీ లేని రోజుల్లో కిరాయి 80,000. ఓనర్‌కు మిగిలేది 78,400. అదే షట్టర్ 120కి వెళ్లి, పన్ను కూడా పడితే మిగిలేది 16,800. పొద్దున అయిదింటికి కూరగాయల మార్కెట్‌కు వెళ్లి, రాత్రి పన్నెండింటికి షట్టర్ దించే మనిషికి, తన దగ్గర వడ్డించే సప్లయర్ జీతమే మిగులుతోంది. వంట బాగాలేక మూతపడింది అనుకునే మెస్‌లు చాలా ఈ 78 వేలకూ 16 వేలకూ మధ్య మూతపడ్డాయి.

"రేటు పెంచొచ్చు కదా" అంటారు. 31,467ను 200తో భాగిస్తే భోజనం 157. అంటే బోర్డు మీద 160. నలభై రూపాయలే అనిపిస్తుంది. రోజూ తినేవాడికి అది నెలకు పన్నెండు వందలు. వాడు రెండు రోజులు చూసి, హాస్టల్‌లో కుక్కర్‌లో అన్నం వండుకుని, కర్రీ పాయింట్‌లో రూ.40 పప్పు కట్టించుకుంటాడు. రేటు పెంచిన మెస్‌లో 200 భోజనాలు 140 అవుతాయి. కుర్చీలు ఖాళీగా కనిపిస్తే కొత్తవాడు లోపలికి అడుగు పెట్టడు. భోజన హోటల్‌కు ఖాళీ కుర్చీని మించిన చెడ్డ ప్రచారం లేదు.

రేటు పెంచలేనివాడు ప్లేటు తగ్గిస్తాడు. ఆ తగ్గించడానికీ ఒక వరస ఉంది. మొదట పోయేది రోటి పచ్చడి, ఎందుకంటే దానికి విడిగా ఒక మనిషి కావాలి. తర్వాత రెండు వేపుళ్లు ఒకటవుతాయి. నెయ్యి గిన్నె టేబుళ్ల మీద తిరగడం మాని, సప్లయర్ చేతి చెంచాలోకి వస్తుంది. పెరుగు గరిటె పోయి చిన్న కప్పు వస్తుంది. చివరికి "అన్‌లిమిటెడ్" అన్న మాట మీద కాగితం అంటించి "ప్లేట్ మీల్స్" అని రాస్తారు. ఇందులో తమాషా ఏమిటంటే, అన్నం ఎప్పుడూ అసలు ఖర్చు కాదు. కిలో బియ్యం వండితే రెండున్నర, మూడు కిలోల అన్నం దిగుతుంది, నలుగురైదుగురు కడుపునిండా తింటారు. కిలో రూ.55 అనుకుంటే మనిషికి పదకొండు నుంచి పద్నాలుగు రూపాయలు. మారు అన్నం ఆపేసి మిగిల్చేది మూడు నాలుగు రూపాయలు, పోగొట్టుకునేది రోజూ వచ్చే మనిషి. అయినా ఆపుతారు. మారు అన్నం అడిగినవాడు ఇంకో పది నిమిషాలు కుర్చీలో కూర్చుంటాడు, బియ్యం కంటే ఆ పది నిమిషాలే ఖరీదైనవి.

మెస్‌కు ఉన్న ఇంకో తంటా, భోజనం అమ్మేది రోజుకు అయిదు గంటలు, కిరాయి నడిచేది ఇరవై నాలుగు గంటలు. అందుకే ఒకే షట్టర్‌లో మూడు దుకాణాలు పుట్టాయి. పొద్దున ఇడ్లీ, దోసె. మధ్యాహ్నం మీల్స్. సాయంత్రం బజ్జీ, పునుగులు. గుమ్మం పక్క ఆరడుగులు జ్యూస్‌వాడికో, టీ కౌంటర్‌కో, పాన్ డబ్బాకో ఇచ్చి వాడి దగ్గర నెలకు ఇంత అని తీసుకుంటారు. చాలాచోట్ల హోటల్‌ను నిలబెట్టేది ఆ పాన్ డబ్బా కిరాయే.

పైన వేసిన లెక్కలో పైకి కనపడని ఇంకో కిరాయి ఉంది. పదిమంది పనివాళ్లుంటే వాళ్లు ఎక్కడో పడుకోవాలి. హోటల్ పనిలో బస కూడా జీతంలో భాగం. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లకు అదే పేటలో రూములు తీయాలి. పొద్దున నాలుగున్నరకు ఇడ్లీ పిండి వేయాల్సిన మనిషిని పటాన్‌చెరు నుంచి రమ్మనలేం. అంటే పేట ఖరీదెక్కితే హోటల్‌వాడికి రెండుసార్లు తగులుతుంది, ఒకసారి షట్టర్‌కు, ఒకసారి రూముకు. రూము కిరాయి భరించలేక ఇద్దరిని తగ్గించుకుంటే టేబుల్ తుడవడం ఆలస్యమవుతుంది, మూడో వరస కూర్చోదు, అమ్మకం మళ్లీ పడుతుంది. చాలా మెస్‌లు సరిగ్గా ఇలాగే మెల్లగా కూలతాయి. బయటివాళ్లకు కనపడేది మాత్రం "సర్వీస్ బాగోలేదు" అన్న రివ్యూ.

పన్ను సంగతి కూడా తేల్చేద్దాం, ఇక్కడ చాలామంది పొరబడతారు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (ఖర్చుల మీద కట్టిన పన్నును అమ్మకం పన్నులో సర్దుకోవడం) లేదు. అంటే కిరాయి మీద కట్టిన 18 శాతం ఎక్కడా తిరిగి రాదు. ఆ 21,600 ఖర్చులో కలిసిపోయినట్టే. అదే షట్టర్‌లో బట్టల కొట్టో మొబైల్ షాపో పెడితే కిరాయి మీద పన్నును తన అమ్మకం పన్నులో సర్దుకుంటాడు. కాబట్టి ఓనర్ ఇద్దరికీ 120 చెప్పినా, ఒకరికి పడేది 120, హోటల్‌వాడికి పడేది 141 రూపాయల అరవై పైసలు. ఇంతకుముందు బిల్డింగ్ ఓనర్‌కు జీఎస్టీ నంబరు లేకపోతే ఈ బాధ ఉండేది కాదు. 2024 అక్టోబరు 10 నుంచి, ఓనర్‌కు నంబరు లేకున్నా అద్దెకున్నవాడికి ఉంటే, ఆ 18 శాతం అద్దెకున్నవాడే కట్టాలి. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఇంత శాతం అని పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు తర్వాత దీన్నుంచి మినహాయింపు ఇచ్చారు. అయితే కాంపోజిషన్‌లో 5 శాతం పన్ను బిల్లు మీద వేయకూడదు, సొంత జేబులోంచి కట్టాలి. ఏది తక్కువ పడుతుందో మీ ఆడిటర్‌తో కూర్చుని రెండు రకాలుగానూ వేసి చూడండి. అడ్వాన్స్ ఇవ్వకముందే చూడండి.

మరి ఈ కిరాయికి నిలబడేవి ఏవి?

దోసె నిలబడుతుంది. బెంగళూరు దర్శిని (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) పద్ధతి హైదరాబాద్‌లో ఇంతగా పాకడానికి కారణం ఫిల్టర్ కాఫీ ఒక్కటే కాదు. నిలబడి తినే టేబుల్ దగ్గర మనిషికి ఆరు అడుగులు చాలు, పన్నెండు నిమిషాల్లో వెళ్లిపోతాడు. అక్కడ కుర్చీల సమస్య పోయి, పెనం సమస్య వస్తుంది. ఒక పెద్ద పెనం మీద ఒకసారికి ఆరు దోసెలు, నాలుగు నిమిషాలు. గంటకు తొంభై అనుకుంటే, నీళ్లు చల్లి తుడవడం, పెనం వేడి సరిచూసుకోవడం పోను డెబ్భై ఐదు. రెండు పెనాలకు 150. పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం రెండు గంటలు రద్దీ ఉంటే 675 దోసెలు. అందులో సగమే నడిచినా, రూ.70 చొప్పున రోజుకు 23,600 పైన. మన మెస్ అమ్మకం ఎంతో ఇదీ అంతే. దీనికి కావలసిన చోటు మాత్రం 400 అడుగులు. కిరాయి పన్నుతో కలిపి 56,640, అంటే అమ్మకంలో 8 శాతం. సరుకు వైపు చూసినా అంతే. కిలో మినప్పప్పుకు మూడు కిలోల బియ్యం పోసి రుబ్బితే ఇంచుమించు వంద దోసెల పిండి. పప్పు రూ.130, బియ్యం కిలో రూ.45 అనుకుంటే దోసెకు పడే పిండి మూడు రూపాయలు దాటదు. మిగతాది నూనె, చట్నీ, నెయ్యి. ఆ నెయ్యి, కారం పొడి పేరు చెప్పి 120కి అమ్మేవాళ్లున్నారు. జనం తిట్టుకుంటూనే లైన్లో నిలబడతారు.

మండీ కూడా నిలబడుతుంది, కాని వేరే దారిలో. పాతబస్తీ వైపు బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాల మాంసం, అన్నం వంట అది. అక్కడి నుంచి ఊరంతా పాకింది. మాదాపూర్, కొండాపూర్‌లలో మండీ హోటళ్లు ఎక్కువగా మొదటి అంతస్తులోనో రెండో అంతస్తులోనో ఉంటాయి, గమనించండి. మండీకి ఎవరూ దారిన పోతూ ఎక్కరు. నలుగురు ఫోన్‌లో మాట్లాడుకుని, ఒక పళ్లెం చుట్టూ కూర్చోవడానికే వస్తారు. కాబట్టి రోడ్డు మీద కనపడాల్సిన పని లేదు, పై అంతస్తు కిరాయి కింద షట్టర్‌లో సగానికి అటూ ఇటూ దొరుకుతుంది. నేల మీద కూర్చోబెడితే కుర్చీలు, టేబుళ్ల ఖర్చూ లేదు. మీల్స్‌కు ఈ వెసులుబాటు లేదు. ఒంటిగంటకు ఆకలితో ఉన్న మనిషి మీల్స్ కోసం మెట్లెక్కడు.

కేఫ్‌ల గురించి అందరికీ ఉన్న భ్రమ ఒకటుంది, అవి డబ్బులు ముద్రిస్తున్నాయని. కాఫీ మీద లాభం పెద్దదే. పాలు, గింజలు కలిపి నలభై రూపాయలు దాటకుండా తయారయ్యేది రెండు వందలకు అమ్ముతారు. కానీ ల్యాప్‌టాప్ తెరిచినవాడు రెండు గంటలు లేవడు. ఆ కుర్చీ గంటకు తెచ్చేది వంద. మీల్స్ కుర్చీ రద్దీ వేళ గంటకు 240 తెస్తుంది. పైగా ఇంటీరియర్ మీద పోసిన డబ్బు గోడలకే అంటుకుని ఉంటుంది, విప్పుకుని పోలేం. ఏడాదిన్నర తిరగకుండా బోర్డు మారే కేఫ్‌లు అందుకే అన్ని ఉన్నాయి. మెస్ పోయి కేఫ్ వచ్చిందంటే కేఫ్ గెలిచిందని కాదు. తర్వాతి వంతు దానిది, అంతే.

"ఇవన్నీ ఎందుకు, లోపలి గల్లీలో వండి యాప్‌లో అమ్ముకోవచ్చు" అనే సలహా వింటూంటాం. రూ.160 భోజనం మీద 22 శాతం కమీషన్ అయితే 35 రూపాయలు. కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ ఆరు. డబ్బాలు, కవరు, టేపు పది. మొత్తం 51 పైచిలుకు. రోడ్డు మీద 15 శాతం కిరాయి కట్టినా అదే భోజనం మీద పడేది 24. కిరాయి తప్పించుకోవడానికి వెళ్లి రెండింతలు కట్టినట్టు. పైగా పప్పు, చారు, పెరుగు విడివిడి డబ్బాల్లో కారకుండా వెళ్లాలి, దారిలో అన్నం గడ్డకడుతుంది, మారు అడగడానికి మనిషి ఉండడు. బిర్యానీకి యాప్ సరిపోయినట్టు మీల్స్‌కు సరిపోదు.

కిరాయికి తెలుగువాడు కనిపెట్టిన అసలు మందు కర్రీ పాయింట్. వంద అడుగుల డబ్బా, ఒక్క కుర్చీ లేదు, ఎనిమిది స్టీలు గిన్నెలు, ఒక తూకం. కూర్చునే చోటు, అన్నం వండే గ్యాస్, ఎంగిలి ప్లేట్లు కడిగే నీళ్లు, మూడింటినీ కొనేవాడి ఇంటికి తోసేశాడు. రోడ్డు పక్క బండి ఇంకో అడుగు ముందుకేసి కిరాయే లేకుండా చేసుకుంది. 2024 జనవరిలో ఈ ప్రాంతంలోనే, సోషల్ మీడియాలో పేరుపడ్డ కుమారి ఆంటీ భోజనం బండి వల్ల ట్రాఫిక్ ఆగుతోందని పోలీసులు తీయించబోతే, ముఖ్యమంత్రి కలగజేసుకుని అక్కడే ఉండనిచ్చారు. ఆమె బిల్లు చెబుతూ అన్న "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" మాట పట్టుకుని జనం నవ్వుకున్నారు. అందరూ అది సెలబ్రిటీ కథగా చూశారు. నాకు మాత్రం అందులో కనపడింది లెక్కే: షట్టర్ కిరాయి తీసేస్తే, అదే పేటలో, అదే జనానికి, అన్నమూ కూరా ప్లేటు నిండా పెట్టి కూడా మిగుల్చుకోవచ్చు.

అయితే బండిని ముఖ్యమంత్రి కాపాడాల్సిన అవసరం ఉండకూడదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే చేయాలి, గుర్తింపు పత్రం ఇవ్వాలి, జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు చూపాలి. ఐటీ కంపెనీల గోడల వెంబడి, నీళ్ల కుళాయి, చెత్త డబ్బా, డ్రైనేజీతో నలభై బండ్లకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చోటు గీసి ఇవ్వడం ఆ చట్టం కింద మామూలు పని. ఈ పేటలో సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు వేల మంది. వాళ్లు 160 పెట్టి భోజనం చేయలేరు. 2014లో జీహెచ్‌ఎంసీ మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనం ఎలా సాధ్యమైందో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. సర్కారు రాయితీ ఒక కారణం. వంట ఎక్కడో పెద్ద వంటశాలలో, వడ్డన కార్పొరేషన్ చోట్లో పెట్టిన చిన్న డబ్బాలో జరగడం, దానికి ఎవరూ అడుగుకు 120 అడగకపోవడం ఇంకో కారణం.

ఓనర్ల మాట

బిల్డింగ్ ఓనర్‌ను విలన్‌గా చూపించడం తేలిక. వాళ్లలో చాలామంది బ్యాంకు అప్పుతో అయిదంతస్తులు కట్టి, ఈఎంఐ హాస్టల్ నుంచి, ఇంటి ఖర్చు షట్టర్ల నుంచి లాగేవాళ్లు. 2020లో అందరూ ఇళ్ల నుంచి పనిచేసినప్పుడు హాస్టళ్లు ఖాళీ అయి, కిరాయి రాక, వాయిదాలు కట్టిన బాధ వాళ్లకూ గుర్తుంది. "పక్క బిల్డింగ్‌ల నూట ఇరవై ఇస్తున్నరు సార్, నేనెందుకు తక్కువకియ్యాలె?" అంటే ఆ ప్రశ్నకు తప్పు పట్టలేం.

కానీ అర్థంకానిది ఒకటి ఉంటుంది: 80 ఇస్తానని ఒకడు నిలబడి ఉండగా, ఆరు నెలలు షట్టర్ ఎందుకు ఖాళీగా ఉంచుతారు? మొండితనం కాదు. కమర్షియల్ బిల్డింగ్ ధర కట్టేది కిరాయిని బట్టి. ఏడాది కిరాయి పెట్టుబడి మీద 7 శాతం అనుకునే కొనుగోలుదారుకు, నెలకు 1,20,000 తెచ్చే షట్టర్ విలువ 2.06 కోట్లు. 80,000 తెచ్చేది 1.37 కోట్లు. ఆరు నెలలు ఖాళీ పెడితే పోయేది 4.8 లక్షలు. అయిదేళ్లకు 80కి సంతకం పెడితే కాగితం మీద విలువ 69 లక్షలు తగ్గుతుంది. బ్యాంకులు రాబోయే కిరాయి చూసి అప్పు ఇస్తాయి, ఆ అప్పూ తగ్గుతుంది. పెద్ద చైన్ వస్తే తొమ్మిదేళ్ల లీజు, ఇంతకు తగ్గని కిరాయికి మినిమమ్ గ్యారంటీ, అమ్మకం పెరిగితే అందులో శాతం. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లొచ్చు. మెస్ నడిపే ఆయన దగ్గర ఉన్నది పప్పు బాగా వండే పేరు. దానిమీద బ్యాంకు అప్పు ఇవ్వదు.

ఇక్కడ చట్టం కాపాడుతుందా అంటే, దాదాపు లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పేరు చెప్పి ధైర్యంగా ఉండేవాళ్లున్నారు. 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు రూ.3,500 దాటిన కిరాయిలు దాని పరిధిలోంచి పోయాయి. మాదాపూర్‌లో ఆ డబ్బుకు పాన్ డబ్బా రాదు. మిగిలింది ఆస్తి బదిలీ చట్టం. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి. ఆ ఖర్చు, ఆ లెక్కాపత్రం ఇష్టం లేక ఇరువైపులా పదకొండు నెలల స్టాంపు కాగితంతో సరిపెడతారు. పదకొండు నెలలు గడిచాక మీరు నెలనెలా అద్దెకు ఉన్నవారు, 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు చాలు. ఎగ్జాస్ట్, గ్రానైట్, ఫ్రిజ్‌లు, బోర్డు కలిపి పన్నెండు లక్షలు పెట్టినవాడికి ఆ డబ్బు తిరిగి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. చేతిలో ఉన్న కాగితానికి ప్రాణం పదిహేను రోజులు. ఏటా 5 శాతం చొప్పున పెరిగితే 80 కాస్తా 120 కావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. పదకొండు నెలల కాగితం మీద అది ఒక్క సాయంత్రం టీ తాగేలోపు అయిపోతుంది. మెస్‌లను చంపేది కిరాయి ఎక్కువ కావడం కన్నా, ఎప్పుడు ఎంత అవుతుందో తెలియకపోవడమే అని నా గట్టి అభిప్రాయం. 120 అని ముందే తెలిస్తే 400 అడుగులు తీసుకుని టిఫిన్ పెట్టేవాడు.

షట్టర్ తీసుకునేటప్పుడు

చిన్నవాడు చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. అడ్వాన్స్ ఇవ్వకముందే. ఇచ్చాక ఏమీ ఉండదు.

కనీసం అయిదేళ్ల లీజు, రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని అయిదేళ్ల అగ్రిమెంటును కోర్టులో గడువుకు సాక్ష్యంగా చూపలేరు. పెరుగుదల ఏటా 5 శాతమో, మూడేళ్లకు 15 శాతమో అంకెలో రాయించండి. "మార్కెట్ ప్రకారం" అన్న మాట ఎక్కడా ఉండకూడదు. లాక్-ఇన్ ఓనర్‌కు మాత్రమే ఉండాలి: కిరాయి కడుతున్నంత కాలం ఆయన ఖాళీ చేయించకూడదు, మీరు మాత్రం మూడు నెలల నోటీసుతో వెళ్లొచ్చు. ఓనర్ ఒప్పుకోకపోతే మీ లాక్-ఇన్ ఏడాదికి దిగేదాకా బేరమాడండి. పని చేయించుకునే నలభై ఐదు, అరవై రోజులు కిరాయి లేకుండా అడగండి. ఇది పెద్ద చైన్లు ప్రతిచోటా తీసుకుంటాయి, చిన్నవాళ్లు అడగనే అడగరు. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో, పెయింటింగ్ పేరుతో ఎంతకు మించి కోయకూడదో రాయించండి.

కాగితం కన్నా ముందు గోడలు చూడండి. పొగ గొట్టం టెర్రస్ దాకా ఏ గోడ వెంట వెళుతుంది? పైన హాస్టల్ ఉంటే పోపు వాసన మూడో అంతస్తు కిటికీలోకి పోయిన మొదటి వారమే గొడవ మొదలవుతుంది. గొట్టం దారి అగ్రిమెంట్‌లో బొమ్మతో సహా ఉండాలి. కరెంటు త్రీ ఫేజ్ ఉందా, ఎన్ని కిలోవాట్ల లోడు మంజూరైంది? గ్రైండరు, డీప్ ఫ్రీజరు, ఎగ్జాస్ట్, ఏసీ కలిస్తే పది పదిహేను కిలోవాట్లు ఊరికే అవుతుంది. అయిదు కిలోవాట్ల కనెక్షన్ మీద దిగితే లోడు పెంచే ఖర్చు ఎవరిదన్నది తర్వాత తేలదు. బోరు ఏప్రిల్‌లో ఏమవుతుందో పక్క షట్టర్‌వాడిని అడగండి, ఓనర్‌ను కాదు. ఈ వైపు వేసవిలో ట్యాంకర్ల మీద బతకాల్సి వస్తుంది, ట్యాంకరు నిలబడే చోటు లేకపోతే ఆ బతుకూ లేదు. బిల్డింగ్‌కు అనుమతి ఎన్ని అంతస్తులకు ఉందో, ఎన్ని కట్టారో లెక్కపెట్టండి. రేపు కూల్చివేత నోటీసు వస్తే ఓనర్‌కు పోయేది రెండంతస్తులు, మీకు పోయేది హోటల్ మొత్తం. నూనె జిడ్డు పట్టే గ్రీజ్ ట్రాప్ లేకుండా డ్రైనేజీలోకి వదిలితే మూడో నెలలో గల్లీ పొంగుతుంది, ఆ రోజు నుంచి పేటలో మీకు మిత్రులుండరు.

ఒక షరతు గురించి దాదాపు ఎవరూ పట్టుబట్టరు. నడుస్తున్న హోటల్‌ను ఇంకొకరికి అప్పగించి వెళ్లాలంటే, మిగిలిన లీజు గడువును కొత్తవాడి పేరుకు మార్చడానికి ఓనర్ కారణం లేకుండా కాదనకూడదు, మార్చినందుకు కిరాయి పెంచకూడదు. ఈ రెండు వాక్యాలు ఉంటే మోకాళ్లు అరిగిన వంట మాస్టర్ తన మెస్‌ను, అదే పెనాలతో, అదే పప్పుతో, తన కింద పనిచేసిన కుర్రాడికి గుడ్‌విల్ (హోటల్ పేరుకు కట్టే డబ్బు) తీసుకుని అప్పజెప్పగలడు. లేకపోతే తాళం చెవి నేరుగా ఓనర్ చేతికి వెళుతుంది, తర్వాతి వారం కాఫీ కప్పు బొమ్మ గీసేవాడు నిచ్చెనతో వస్తాడు.